పన్నెండు బోల్టుల మూత

నంద్యాలలో నాకు మోటార్లు చుట్టే చిన్న షాపు ఉంది. చదువు పదో తరగతితో ఆగిపోయింది కానీ లెక్కలు ఆగలేదు. చుట్టిన ప్రతి మోటారుకూ తీగ ఎన్ని చుట్లు పడిందో, ఎంత బరువు వచ్చిందో రాసుకునే అలవాటు మొదటి నుంచీ ఉండేది. ఆ నోటు పుస్తకాలు చూసే ఒక ఫ్యాక్టరీ మేనేజరు నన్ను హీటర్ల పనికి పిలిచాడు. "తప్పు చేస్తే చేసినావని రాసుకునేటోడు కావాలప్పా నాకు" అన్నాడు. అప్పుడు అది పొగడ్త అనుకున్నాను.

ఆళ్లగడ్డకు కొంచెం ఇవతల ఉండే తవుడు నూనె ఫ్యాక్టరీ అది. రైస్ మిల్లుల నుంచి వచ్చే తవుడులో నూనె ఉంటుంది. దాన్ని గానుగ పట్టి తీయరు, హెక్సేన్ అనే ద్రవంలో నానబెట్టి తీస్తారు. హెక్సేన్ పెట్రోలుకు దగ్గరి చుట్టం. దాని ఆవిరి కంటికి కనపడదు, గాలి కంటే బరువు, నేల మీద నీళ్లలా పారి గుంటల్లో నిలుస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే అక్కడ గేటు దగ్గరే ఫోను, అగ్గిపెట్టె, బీడీలు వాచ్‌మన్‌కు ఇచ్చి రిజిస్టరులో రాసి లోపలికి పోవాలి. దసరాకు మిషన్లకు పూజ చేసినా కర్పూరం గేటు బయటే వెలిగిస్తారు. దేవుడే గేటు దాకా వచ్చి హారతి తీసుకుని పోతాడని అక్కడివాళ్లు నవ్వుతూ చెబుతారు.

అలాంటి చోట కరెంటు హీటరు ఎందుకంటే, తవుడు నూనెలో మైనం ఉంటుంది. చల్లబడితే అది పేరుకుని పైపులన్నీ మూసుకుపోతాయి. అందుకని నూనె ట్యాంకు పక్కన పన్నెండు రాడ్ల హీటరు బిగించారు. రాడ్లు నూనెలో మునిగి ఉంటాయి. వాటి వైర్లన్నీ బయట ఒక బరువైన ఇనుప పెట్టెలో కలుస్తాయి. ఆ పెట్టెకు గుండ్రటి మూత, మూతకు గడియారం అంకెల్లా చుట్టూ పన్నెండు బోల్టులు.

నా పనంతా ఆ మూత దగ్గరే. పెట్టెలోకి ఆవిరి పోకుండా ఎవరూ ఆపలేరు. పోయి లోపల అంటుకుందనుకుందాం. ఆ మంట బయటికి రావాలంటే మూత అంచుకూ పెట్టె అంచుకూ మధ్య ఉన్న సన్నటి సందులోంచే రావాలి. అటూ ఇటూ చల్లటి ఇనుము. సందు సన్నగా ఉంటే మంట దారిలోనే చల్లబడి చచ్చిపోతుంది. వెడల్పయితే బతికి బయటపడుతుంది. ఆ పెట్టెకు ఇచ్చిన హద్దు 0.15 మిల్లీమీటరు. అంత మందం ఉన్న ఉక్కు రేకు అంచుల మధ్య దూరకూడదు. ఆ ఇనుము అంచును గీకకూడదు, రంగు వేయకూడదు, అంచుల మధ్య ఏ పూతా ఉండకూడదు.

ఆ హీటరును పద్నాలుగేళ్లుగా చూసుకునే ఆపరేటరు ఒకడున్నాడు. నా ఈడువాడే. నేను అతన్ని భాయ్ అంటాను, అతను నన్ను లెక్కలన్నా అంటాడు. ఆ పేరు రావడానికి ఒక కారణం ఉంది. కిందటి ఏడు హీటరు వేడి తగ్గిందని పిలిచారు. నేను హీటరు షెడ్డు బయట ప్యానెల్ దగ్గరే నిలబడి, మూడు వైర్లను రెండేసి చొప్పున కొలిచాను. 28.8, 33.6, 33.6 ఓములు వచ్చాయి. ఒక్కో రాడ్డు 57.6. ఫేజుకు నాలుగు రాడ్లు. నాలుగూ బాగుంటే ఫేజుకు 14.4, రెండు ఫేజులు కలిస్తే 28.8. ఒక రాడ్డు పోతే ఆ ఫేజు 19.2 అవుతుంది, ఇంకో ఫేజుతో కలిస్తే 33.6. కాబట్టి మూడో ఫేజులో ఒకే ఒక్క రాడ్డు పోయిందని చెప్పాను. మూత బిగుసుకుపోయి ఉంటే కొంచెం తంటాలు పడి తెరిచాము. చూస్తే అంతే.

"పెట్టె తెరవకుండానే చెప్పినావే. చిలకజోస్యం గుడక నేర్చినావా యాడన్నా?" అన్నాడు భాయ్. ఆ రోజు బస్సులో నంద్యాల దాకా నాలో నేను నవ్వుకుంటూ వచ్చాను.

ఈ ఏడు దసరా మరునాడు పొద్దున్నే మేనేజరు ఫోను చేశాడు.

"అప్పా, హీటరు పెట్టెకు పసుపు కారుతాంది. బేగా రా."

"పసుపా సార్?"

"పసుపే. కుంకుమ గుడక ఉండాది."

పోయేసరికి పండగ తర్వాత ఫ్యాక్టరీ ఇంకా మొదలు కాలేదు, కరెంటు ఇవ్వలేదు. మూత చుట్టూ పచ్చటి గీత ఉబికి ఎండిపోయి ఉంది. మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భాయ్ కొత్త చొక్కా వేసుకుని, తల వంచుకుని ఉన్నాడు.

విషయం ఇదీ. సెలవుకు కరెంటు తీసేసినప్పుడు అతను ఒక్కడే పన్నెండు బోల్టులూ విప్పి, లోపల దుమ్ము తుడిచి, మూత అంచుకు చుట్టూ పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మళ్లీ బిగించాడు.

"ఎందుకు తెరిచినావ్ భాయ్?" అన్నాను.

"పైన బొట్టు పెడితే పెట్టెకు పెట్టినట్లన్నా. పని చేసేది లోపల కదా ఉండేది."

"మరి అంచుకెందుకు పూసినావ్?"

"గడపన్నా అది. పండగపూట గడపకు పసుపు పూయకుంటే ఎట్ల? మా పక్కింటక్కతో కలిపించుకోనొచ్చినా."

"నీకేం పండగప్పా ఇది?" అన్నాడు మేనేజరు.

"నాది కాదు సార్. మిషన్‌ది."

మేనేజరు అటు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని మా ఇద్దరికీ తెలుసు. కానీ ఇటు తిరిగేసరికి మొహం గట్టిగా పెట్టుకున్నాడు. "చూడప్పా, పసుపు వల్ల సందు పెరిగిందని కాగితం రాసియ్యి. సాయంత్రానికి ఈయన్ని తవుడు గోడౌనుకు పంపిస్తా. హీటరు ఇంకొకరు చూసుకుంటారు." గోడౌనులో పనంటే బస్తాలు మోయడం. భాయ్ పెట్టె మీద చెయ్యి వేసి తీసేశాడు.

షెడ్డులో గ్యాస్ మీటరు సున్నా చూపించేదాకా ఆగి, స్విచ్చుకు తాళం వేసి తాళంచెవి నా జేబులో వేసుకుని, పని మొదలుపెట్టాను. మూత లేపడానికి దాని మీదే మరలు కోసిన రెండు రంధ్రాలుంటాయి. వాటిలో బోల్టులు తిప్పితే మూత తనంతట తానే పైకి లేస్తుంది. అలాగే లేపి, బోర్లించి చూశాను.

ఆళ్లగడ్డలో నేను బస్సు కోసం నిలబడే చోట విగ్రహాలు చెక్కేవాళ్ల పాక ఉంది. పీఠం రాయి చదునుగా ఉందో లేదో వాళ్లు కంటితో చూడరు. ఒక పలకకు ఎర్రమన్ను పూసి రాయి మీద అదుముతారు. ఎరుపు అంటిన చోట మిట్ట, అంటని చోట పల్లం. ఆ ఎరుపు చూసి ఉలి ఎక్కడ పెట్టాలో తెలుసుకుంటారు. చాలా బస్సులు పోగొట్టుకుని మరీ చూశాను దాన్ని.

ఇప్పుడు మూత అంచు మీద అదే బొమ్మ. చుట్టూ పసుపు అణిగి పలచటి పొరలా ఉంది. నాలుగో బోల్టుకూ అయిదో బోల్టుకూ మధ్య మాత్రం మందంగా, ఇంకా తడిగా ఉంది. ఆ మందం నడుమ జొన్నగింజలో సగం కూడా లేని ఒక మచ్చ, పసుపు అంటకుండా మెరుస్తోంది. అక్కడ ఇనుము లేచి ఉంది. ఆ చిన్న మిట్ట మూతను కొంచెం పైకి పట్టుకుని ఉంది.

పసుపంతా గుడ్డతో శుభ్రంగా తుడిచి, మూత మళ్లీ బిగించి, ఎప్పటిలాగే పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది బోల్టుల దగ్గర ఉక్కు రేకు పెట్టి చూశాను. నాలుగు చోట్లా దూరలేదు. ఏటా ఇక్కడే ఆపేవాణ్ణి. నాలుగు దిక్కులు చూస్తే ఇల్లంతా చూసినట్లే అని నాకొక నమ్మకం. ఈసారి నాలుగుకూ అయిదుకూ మధ్య పెట్టాను. 0.15 రేకు దూరింది. 0.25 రేకు కూడా దూరింది.

ఆ మిట్ట పసుపు వల్ల రాలేదు. దేనితోనో పొడిచి లేపిన గుర్తు అది. సంచిలోంచి కిందటి ఏడు నోటు పుస్తకం తీశాను. నా చేతిరాతే. "మూత బిగుసుకుంది. లేపే బోల్టులు తేలేదు. పొడుగు స్క్రూడ్రైవరుతో కుడి కింది వైపు లేపాను. సందు: పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది, బాగుంది."

గడియారంలో కుడి కింది వైపు అంటే నాలుగూ అయిదే.

నేను లెక్క వేయకుండా ఉండలేను. రోజుకు పదహారు గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు. నాలుగు వేల ఎనిమిది వందల గంటలు ఆ పెట్టె నా సంతకం మీద నడిచింది. ఒక్క గంట కూడా ఏమీ కాలేదు. పుస్తకం మూసేస్తే ఎవరికీ తెలియదు. పసుపు వల్ల సందు పెరిగింది, కొత్త మూత వేశాం అని రెండు ముక్కలు రాస్తే మేనేజరుకు కావలసిన కాగితం అయిపోతుంది.

భాయ్ పక్కన వచ్చి నిలబడ్డాడు. "లెక్క తేలిందా అన్నా?"

"తేలింది. తప్పు నాది."

మూత మళ్లీ లేపి, అతనికి పుస్తకం చూపించాను. చదివి, మిట్ట మీద గోరు పెట్టి తడిమాడు. "స్క్రూడ్రైవరు నేనే అందిచ్చింటి గదన్నా" అన్నాడు. గోడౌనుకు పోవాల్సిన మనిషి నా తప్పులో వాటా అడుగుతున్నాడు. ఇక నేను కూర్చుని కాగితం రాయక తప్పలేదు. మిట్ట ఎక్కడుందో, ఎలా వచ్చిందో, ఏ రోజు ఎవరు చేశారో, పసుపు పూయకపోయి ఉంటే ఇంకో ఏడు కూడా తెలిసేది కాదని, అన్నీ రాశాను. పర్మిషన్ లేకుండా పెట్టె తెరవడం తప్పేనని అది కూడా రాశాను. రాయకపోతే లెక్క సగమే అవుతుంది.

మేనేజరు రెండుసార్లు చదివాడు.

"ఈయన్ని గోడౌనుకు పంపిద్దామనుకుంటే నువ్వు అడ్డమొస్తాండావ్. ఇప్పుడు ఎవర్ని పంపాల?"

"తవుడు బస్తా ఎంత సార్?"

"యాభై కేజీలు."

"నేను యాభై అయిదు సార్. మోయలేను."

భాయ్ నవ్వాపుకోలేక షెడ్డు బయటికి పోయాడు. మేనేజరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీ తప్పు నువ్వే రాసుకుంటావని పిలిచినోణ్ని నేనే. ఇప్పుడేం అనేది" అన్నాడు. తర్వాత ఒక ఆర్డరు వేశాడు. ఆ పెట్టెను ఇకమీదట ఒక్కరు తెరవకూడదు. భాయ్ రేకు పెట్టాలి, నేను రాయాలి, ఇద్దరి సంతకాలూ ఉండాలి. హీటరు భాయ్ దగ్గరే ఉండిపోయింది.

మిట్టను ఆకురాయితో గీకి సరిచేయడం అయిదు నిమిషాల పని. కానీ ఆ అంచును అలా ముట్టుకోకూడదు. స్టోరులో అదే కంపెనీ, అదే నంబరు కొత్త మూత ఒకటి ఉంది. అదే వేశాము. బోల్టుకొకటి, బోల్టుకూ బోల్టుకూ మధ్య ఒకటి, మొత్తం ఇరవై నాలుగు చోట్ల కొలిచాము. భాయ్ రేకు పెట్టి, దూరలేదని ఒక్కొక్కటే చెప్పాడు.

"పన్నెండు, పోల్యా. పన్నెండున్నర, పోల్యా. ఒకటి, పోల్యా." నాలుగున్నర దగ్గర ఆగి నా వైపు చూశాడు. "ఈడ గుడక పోల్యాలే అన్నా, ఊపిరి పీల్చుకో."

మధ్యాహ్నానికి హీటరు వేడెక్కింది. ప్యానెల్ దగ్గర మూడు ఫేజులూ సమానంగా కరెంటు తీసుకుంటున్నాయి. పైపుల్లో నూనె కదలడం మొదలైంది. భాయ్ కాసింత కుంకుమ మిగిలిందని చెప్పి, మూత మీద, బయటివైపు, ఒకే ఒక్క బొట్టు పెట్టాడు. అంచుకు ఎంత దూరంలో ఉందో నేను స్కేలు పెట్టి చూసుకున్నాను. ఆరు సెంటీమీటర్లు.

మళ్లీ నెలకు ఆ ఫ్యాక్టరీకి పోయినప్పుడు గేటు దగ్గర ఫోను ఇచ్చాను, అగ్గిపెట్టె నా దగ్గర ఎప్పుడూ ఉండదు. వాచ్‌మన్ రిజిస్టరు మూయలేదు.

"సంచిలో ఏముండాయో చూపించన్నా."

"పనిముట్లే గదప్పా."

"పొడుగు స్క్రూడ్రైవరు ఈడ పెట్టి పొమ్మన్యారు."

"ఎవరు? మేనేజరు సారా?"

"భాయ్."

లోపలికి చూస్తే భాయ్ షెడ్డు తలుపు దగ్గర నిలబడి, మూత లేపే రెండు బోల్టులనూ చేతిలో పైకెత్తి చూపిస్తున్నాడు. స్క్రూడ్రైవరు తీసి వాచ్‌మన్‌కు ఇచ్చాను. అతను రిజిస్టరులో ఫోను కింద గీత కొట్టి, స్క్రూడ్రైవరు, ఒకటి, అని రాశాడు. నేను సంతకం పెట్టి లోపలికి పోయాను.