బరువు పరీక్ష

ఆ తండ్రి గోడౌన్ దగ్గర కళ్లల్లో వత్తులేసుకుని కాపలా కాసి రిటైరైన మనిషి. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారా అని ఆరా తీస్తాడు. కాళ్లు కదలని ఇరవై మూడేళ్ల కొడుకుని చూసుకోవడానికి మనిషి కావాలి. ఎవరొచ్చినా ముందు గోళ్లు చూస్తాడు, నోటి వాసన పసిగట్టేటంత దగ్గరికి జరుగుతాడు, సంచీలో ఏముందని అడుగుతాడు. అసలు పరీక్ష ఆ తర్వాత. కొడుకుని చక్రాల కుర్చీలోంచి తీసి మంచం మీద కూర్చోబెట్టి, తాను పక్క మంచం మీద వెల్లకిలా పడుకుంటాడు. "నన్నెత్తి ఆ కుర్చీలో కూర్చోబెట్టు చూద్దాం," అంటాడు. గాల్లో ఉండగా కావాలనే ఒళ్లు వదిలేసి జారిపోతాడు. ఇప్పటిదాకా వచ్చినవాళ్లంతా అక్కడే తప్పారు.

ఈ రోజు వచ్చినవాడు మాత్రం జారనివ్వలేదు. మెల్లగా దించి, నలిగిన చొక్కా సర్ది, రెండు పాదాలూ కుర్చీ కింది పలక మీద పెట్టాడు. ఏ తప్పూ దొరకకపోయేసరికి తండ్రికి అనుమానం రెట్టింపైంది. కుర్చీలోంచే నిలదీశాడు.

"ఇంత పనిమంతుడివి, పాత చోట ఎందుకు మానేశావోయ్?"

"అక్కడ నేను చూసుకున్న కుర్చీ అబ్బాయికి ఉద్యోగమొచ్చి వేరే ఊరెళ్లిపోయాడండి."

"కుర్చీలో ఉన్నవాడు ఊరు దాటి ఉద్యోగం చేస్తాడా? నా చెవిలో పువ్వులు పెడుతున్నావా?"

మంచం మీద గోడకి చేరగిలబడ్డ కొడుకు కుర్చీ వైపు చెయ్యి చాపాడు.

"ఇక లే నాన్నా. అది నా కుర్చీ. మిగతావి నేనడుగుతాను."