లారీ మెట్టు దగ్గర చెప్పులు

కొబ్బరికాయల లోడు కోసం తమిళనాడులోని పొల్లాచ్చిలో ఒక తోట ముందు లారీ ఆపుకుని, క్యాబిన్‌లోనే వంకాయ పులుసు కాస్తున్నాను. మాది కర్నూలు. ఏ ఊరు వెళ్లినా నా వంట నాదే.

తోట యజమానురాలు, ఒక ముసలావిడ, వాసనకి బయటికొచ్చింది.

"ఏం తంబీ, మా ఇంటి ముందర పొయ్యి పెట్టుకుంటివే! లోపలికి రా, కూడు తిందువు."

తరతరాల కిందట అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లట. పిలుపు బాగానే ఉంది. కానీ దిక్కులేనివాడికి పెడుతున్నట్టు అనిపించి నాకు పౌరుషం వచ్చింది.

"నా పొయ్యి మీదా అన్నం ఉడుకుతోందవ్వా. మీరే నా దగ్గర తినండి" అన్నాను. వస్తుందనుకోలేదు.

ఆమె కొంగు దోపుకుని, మెట్టు దగ్గర చెప్పులు విడిచింది.

"చెప్పులతోనే ఎక్కండవ్వా, ఏం కాదు."

"పొయ్యి ఉండే ఇంట్లోకి చెప్పులతో వస్తారా తంబీ?"

సీటు మీద బాసింపట్టు వేసుకుని, పెట్టినదంతా మెతుకు మిగల్చకుండా తింది.

"పులుసు రొంబ బాగుండాది. ఉప్పే కొంచెం తక్కువ" అని చుట్టంలాగే వంక కూడా పెట్టింది.

ఓనర్లు, హమాలీలు, పోలీసులు, నా లారీ ఎక్కినవాళ్లు చాలామందే ఉన్నారు. నా ఇంటికి వచ్చింది మాత్రం ఆవిడ ఒక్కతే.