ఆకులు దిగేదాకా

నా చిన్నప్పుడు బర్మాలోని పజుండౌంగ్‌లో మేం పై అంతస్తులో ఉండేవాళ్లం. ఆ మేడంతా ఒకప్పుడు మాదే. తాతయ్య దాన్ని ఒక చీనా వ్యాపారికి అమ్మి, ఆయన దయ మీద పైన ఉండిపోయాడు. దయ అన్న మాట మాత్రం మా ఇంట్లో ఎవరూ అనకూడదు.

ఒకరోజు ఆ వ్యాపారి పచ్చ టీ డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆయన కొడుక్కి సరుకు పెట్టుకోవడానికి మా గదులు కావాలని అప్పటికే వీధంతా అనుకుంటున్నారు. ఖాళీ చేయమని చెప్పడానికే వచ్చాడని నాక్కూడా తెలిసింది.

వంటింట్లో నాయనమ్మ తల పట్టుకుంది. "పాల డబ్బా కాళీ. ఇప్పుడేటి సేస్తాం? ఒట్టి టీ పోస్తే పరువుంటాదా? టీ కొట్టుల్లో బల్లల మీద ఊరికే పెడతారది!"

"పొయ్యి మీంచి నీళ్లు దించియ్యి. గాజు గ్లాసులు తే" అన్నాడు తాతయ్య.

మా ఇంట్లో టీ అంటే పాలూ పంచదారా పోసి పొంగించేది. తాతయ్య మాత్రం నీళ్ల మరుగు తగ్గేదాకా కదలకుండా కూర్చున్నాడు. తరవాత ఆ డబ్బాయే విప్పి, ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉన్న ఆకుల్ని గ్లాసుల్లో వేశాడు. అవి తడిసేటన్ని నీళ్లు పోసి, గ్లాసు మెల్లగా తిప్పి, వాసన చూడమని అతిథికి అందించాడు. ఆ తరవాతే మిగతా నీళ్లు. టీ తెచ్చినాయనకే టీ నేర్పుతున్నాడేమిటని నాకు అయోమయం.

చీనా ఆయన బర్మా వాళ్లలా తాతయ్యను 'అకో' అని, అంటే అన్నా అని, పిలిచేవాడు. "అకో, మావాడు నీతో ఒక మాట చెప్పమన్నాడు" అని మొదలుపెట్టాడు.

"ఆకులింకా దిగలేదు. దిగాక చెబుదువుగాని."

ఇద్దరూ గ్లాసులు చూస్తూ కూర్చున్నారు. ఆకులు నిలువుగా లేచి, ఒక్కొక్కటే అడుక్కి చేరాయి. మూడో వంతు మిగిలేదాకా తాగాక తాతయ్య మళ్లీ నీళ్లు పోశాడు. ఆకులు మళ్లీ లేచాయి.

"మా నాన్న ఇలాగే చేసేవాడు. మా ఇంట్లో ఇప్పుడు సలసల కాగే నీళ్లు గుమ్మరిస్తారు. కూర్చునే ఓపికెవరికుంది?" అన్నాడాయన. గ్లాసు కింద పెట్టి, "నేనున్నన్నాళ్లూ నువ్విక్కడే ఉండు అకో. మావాడికి నేను చెప్పుకుంటాను" అని లేచాడు. తాతయ్య తల ఊపాడంతే. కృతజ్ఞత చెప్పలేదు.

ఆయన మెట్లు దిగాక నాయనమ్మ, "ఈ ఇద్దె ఎక్కడ నేర్సినారండీ?" అంది.

"రేవులో చీనా గుమస్తాలు చేస్తుంటే చూశాను. పాలుంటే నీ టీయే ఇద్దును" అని, తన గ్లాసులో మిగిలింది తాగి మొహం చిట్లించాడు. "చేదు. పంచదారుందా?"

అది మర్యాదో, ఎత్తో, పాలు లేని సంగతి దాచుకోవడమో నాకు అప్పుడు తెలియలేదు. ఈ వయసులోనూ తేలలేదు. కానీ ఎవరైనా చేదు మాట మోసుకుని మా గుమ్మం ఎక్కితే, నేనూ గాజు గ్లాసులే తీస్తాను. ఆకులు దిగేదాకా ఆగమంటాను. కొందరు మాట మార్చుకుని వెళ్లారు. కొందరు మార్చుకోలేదు. ఎవరు ఏం చెప్పినా, ఆగిన ఆ కాసేపూ ఇల్లు నాదే.