సౌండ్ తీసేసి పెట్టిన ప్రార్థన

రేపు పొద్దున నాకు గుండె ఆపరేషన్. ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లారీలు బాగుచేశాను, ఎవరినీ ఏదీ అడగలేదు. ఈసారి భయమేసింది. నా కోసం ఇంట్లో ప్రార్థన పెట్టించమని మా ఆవిడ మరియమ్మను అడిగాను.

సాయంత్రం సంఘ పెద్ద యేసుదాసు వచ్చాడు. నాకు చిన్ననాటి స్నేహితుడు. నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, తల మీద చెయ్యి పెట్టి మొదలుపెట్టాడు. ప్రార్థన ఎంతకీ అవ్వదు, చెప్పిన మాటే మళ్ళీ చెబుతున్నాడు. కాళ్ళు లాగుతుంటే కళ్ళు తెరిచాను. మరియమ్మ, కోడలు, ఆఖరికి యేసుదాసు కూడా కళ్ళప్పగించి నా వెనక్కి చూస్తున్నారు. తిరిగి చూస్తే టీవీలో సీరియల్!

"ఏంటే ఇది?" అన్నాను.

"సౌండ్ తీసేశాం కదండీ!" అంది మరియమ్మ.

"కదలకు బావా, ప్రార్థనలో ఉన్నాం," అన్నాడు యేసుదాసు, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా.

లేచి టీవీ ఆపేశాను. ముగ్గురూ నా మీదే మొహం మాడ్చుకున్నారు.

నాకు భయంగా ఉందని వాళ్ళెవరికీ పట్టలేదు. దేవుడన్నా సీరియల్ చూడట్లేదని నమ్మి ఆస్పత్రికి పోతున్నాను. మీ కోసం ఎవరైనా ప్రార్థన చేస్తుంటే ఒక్కసారి కళ్ళు తెరిచి చూసుకోండి. ఏం కనబడిందో ఇక్కడ రాయండి, బతికొస్తే చదువుతాను.