కందిలవ్వ పెట్టె

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి తాను చేసే ప్రతి మంచి పనినీ ఎవరో పక్కనుంచి చూస్తున్నట్టే ఉంటుంది. నాకు మరీనూ. డెబ్బైల మొదట్లో గుంటూరు వైపు నుంచి వచ్చి పటాన్‌చెరులో ఒక కొత్త ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్ గుమాస్తాగా చేరాను. ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుడికి వెళ్ళి, ముందు వరసలో కూర్చుని, అందరికంటే గట్టిగా పాడేవాణ్ణి. (గొంతు బాగుంటుందని కాదు, వినబడుతుందని.) నా ఉత్సాహం చూసి మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, ఒకరోజు ఆరాధన అయ్యాక పిలిచి, "నీకో సేవ అప్పగిస్తాను బాబూ" అన్నారు. యువజనుల కార్యదర్శిని చేస్తారనుకున్నాను. బియ్యం సంచీ తెచ్చి చేతిలో పెట్టారు. మా గుళ్ళో ఆడవాళ్ళు రోజూ వంటకి బియ్యం తీసేటప్పుడు దేవుడి పేర ఒక గుప్పెడు పక్కన పెట్టి, ఆదివారం తెచ్చి బుట్టలో పోసేవారు. ఆ గుప్పెడు బియ్యంలోంచి వారానికి సరిపడా ముత్తంగి అవతల ఉండే కందిలవ్వకి చేర్చాలి. ఇల్లు ఊడ్చి, కుండలు నింపి రావాలి.

కరెంటు రాకముందు గుడి కందిళ్ళ, అంటే లాంతర్ల, గాజులు తుడిచేది గనక ఆవిడకి కందిలవ్వ అని పేరు. వెనకాముందూ ఎవరూ లేరు. పాడుబడ్డ ఇటుకబట్టీ పక్కన ఒంటరి గుడిసె. ఆరాధన ముగించుకుని సైకిలు తొక్కుకుంటూ నేను చేరేసరికి సరిగ్గా మిట్టమధ్యాహ్నం అయ్యేది. చిన్నప్పుడు మా నాయనమ్మ "పన్నెండు గంటలప్పుడు బయట తిరక్కురా, గాలి సోకుతుంది" అనేది. ఆ బట్టీ కన్నాల్లోంచి గాలి దూరి ఎవరో మూలిగినట్టు మోగుతుంటే, కనుచూపు మేరలో మనిషన్నవాడు లేకుంటే, బైబిలు చంకలో ఉన్నా వెనక్కి తిరిగి తిరిగి చూసుకునేవాణ్ణి. అవ్వ సంగతి అంతకంటే ఘోరం. నేను కుండ దించుతుంటే ఏ జంకూ లేకుండా, "నిన్న మా ఆయనొచ్చిండు బిడ్డా, నీ గురించి అడిగిండు" అనేది.

ఆయన పోయి పదిహేనేళ్ళు.

"నా గురించా? ఏమనండీ?"

"పిలగాడు మంచిగున్నడు, మా దిక్కు ఎప్పుడొస్తడు అని."

ఆ రోజు ఇల్లు సగమే ఊడ్చి వచ్చేశాను.

ఒక ఆదివారం ఆవిడ నా చేతిలో ఒక తాడు పెట్టింది. రెండు ముడులు. "నా పొడుగు. పెట్టె చేపియ్యి. నేను పోతే గుడ్డల చుట్టి యాడనో పారేస్తరేమోనని నాకు నిద్ర పడ్తలేదు" అంది. మా సెక్షన్‌లో వడ్రంగి పని చేసే వడ్ల తాత దగ్గరికి ఆ తాడు తీసుకెళ్ళాను. ఆయన క్రైస్తవుడేం కాదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీకి మొక్కుకునే మనిషి. అయినా తాడు వేలికి చుట్టుకుని, "ముసల్ది ఆఖరుకి ఇల్లు కట్టుకుంటున్నదన్న మాట" అని ఫోర్‌మన్‌ని అడిగి, విరిగిన ప్యాకింగ్ పెట్టెల చెక్కతో వారం రోజుల్లో చక్కటి శవపెట్టె చేసిచ్చాడు. ఎంత చిత్రిక పట్టినా ఒక పక్క ఫ్యాక్టరీ గుర్తు పోలేదు. ఎద్దుబండి మీద తెచ్చి దించితే అవ్వ వేలుపెట్టి తడిమి, "గీ బాణం ఏంది?" అంది. "ఇటువైపు పైకి ఉండాలని అండీ" అన్నాను. "మంచిదే. పైనోళ్ళు పరేషాన్ గాకుండ ఉంటరు" అంది. ఆ తర్వాత పెట్టెని పిడికిలితో టక్ టక్ మని కొట్టి విని, నా వైపు చూడకుండా, "పెట్టె అయితే అయింది. దీన్ని మొయ్యనీకి నలుగురన్న వస్తరా బిడ్డా? నాకెవలున్నరు?" అంది. వస్తారని తేలిగ్గా అనేశాను. ఆవిడ నమ్మలేదు. నిజానికి నేనూ నమ్మలేదు.

మరుసటి ఆదివారం వెళ్ళేసరికి తలుపు బార్లా తీసి ఉంది. గాలి లేదు, బట్టీ కూడా మూలగడం లేదు. కుక్కిమంచం గోడకి నిలబెట్టి ఉంది. నేల మీద పెట్టెలో, ఉతికిన తెల్లచీర కట్టుకుని, గుండెల మీద చేతులు జోడించుకుని కందిలవ్వ. ముఖం మీద ఈగ వాలితే కదల్లేదు. "అవ్వా" అన్నాను. గుమ్మం లోపలికి అడుగు పెట్టకుండానే మూడుసార్లు అన్నాను. ఇంతలో పెట్టెలోంచి టక్ మని ఒక్క చప్పుడు. అంతే! చెప్పులక్కడే వదిలి, బియ్యం సంచీ హ్యాండిలుకి వేలాడుతుండగా, పటాన్‌చెరు దాకా సైకిలు ఎలా తొక్కానో ఆ దేవుడికే తెలుసు. ఎవరినీ అడక్కుండా గంట తాడు పట్టుకుని, ఒక్కొక్క దెబ్బకీ ఆగుతూ చావుగంట కొట్టాను. కొడుతూ ఏడ్చాను. భయంతో మొదలైన ఏడుపు నాలుగో దెబ్బకి నిజమైన ఏడుపయింది. ముసలిది నా కోసం ఎదురుచూస్తూ ఒంటరిగా పోయిందే అనిపించింది.

ఆరాధన అయి ఇళ్ళు చేరిన జనం గంట విని వెనక్కి వచ్చారు. నలుగురు గడ్డపారలతో సమాధుల తోటకి పరిగెత్తారు. మిగిలినవాళ్ళు బండ్ల మీద, సైకిళ్ళ మీద, దారిలో ఆపిన ఒక లారీ మీద ముత్తంగి చేరారు. వడ్ల తాత కూడా వచ్చాడు. గుడిసె నిండి, వాకిలి నిండి, బట్టీ గోడ దాకా జనం. అయ్యగారు పాట ఎత్తుకున్నారు. పెట్టె పక్కనే నిలబడి వెక్కుతూనే నేనూ గొంతు కలిపాను. రెండో చరణంలో ఉండగా శవం కంటి కొసలోంచి ఒక నీటిచుక్క జారి చెవిలోకి దిగింది. ముందు నేనే చూశాను. నోట పాట నిలిచిపోయింది. తర్వాత అయ్యగారు చూశారు. పాట ఆగింది. పెట్టెలోంచి గొంతు వచ్చింది.

"ఆపకుండ్రి. పాడుండ్రి."

ముగ్గురు గోడ దూకారు. (నేను దూకలేదు. అయ్యగారి వెనక నక్కాను.) అవ్వ మెల్లగా లేచి కూర్చుంది. మంచం నిండా నల్లులట. పెట్టె కొత్తది, చల్లగా ఉందని రెండు రోజులుగా అందులోనే పడుకుంటోంది. ఒక చెవి వినబడదు, రెండో చెవికి నేను గుమ్మంలోంచి పిలిచింది అందలేదు. నేను విన్న చప్పుడు ఎండ వేడికి చెక్క చిట్లినది. "పాట ఇనంగనే నిజంగనే పోయిన అనుకున్న. కండ్లు తెరుస్తె గిది యాడ పోతదో అని తెరవలే" అంది. చుట్టూ ఒక్కొక్క ముఖమే చూసి, "గింతమందా? నా కోసమా?" అని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

అయ్యగారు నా వైపు తిరిగి, "ముక్కు దగ్గర వేలు పెట్టి చూశావా?" అన్నారు.

"భయమేసిందండీ."

అవ్వ చెయ్యి చాపింది. "ముట్టుకోకుండనే ఉరికినవా? ఇగో, పట్టు" అంది. ఇన్ని వారాలు ఊడ్చాను, నీళ్ళు తోడాను గానీ ఒక్కసారీ ఆవిణ్ణి తాకలేదని అప్పుడు తెలిసింది. పట్టుకున్నాను. వెచ్చగా, గరుకుగా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రం ఆడవాళ్ళు ఆ గుప్పెడు బియ్యమే వండితే, సమాధి తవ్వి వచ్చినవాళ్ళతో సహా అందరం బట్టీ నీడలో కూర్చుని తిన్నాం. తర్వాత ప్రతి ఆదివారం ఆవిడ కాళ్ళకి నూనె రాసి, గోళ్ళు తీసి వచ్చేవాణ్ణి. ఎవరు చూస్తున్నారన్న ధ్యాసే ఉండేది కాదు. అంత సంతోషాన్ని ఆ తర్వాత నాకు ఏ ప్రమోషనూ ఇవ్వలేదు.

అవ్వ మరో రెండేళ్ళు బతికింది. నిజంగా పోయినప్పుడు నేను చెల్లెలి పెళ్ళికి మా ఊళ్ళో ఉన్నాను. తిరిగొచ్చేసరికి మట్టి కూడా ఆరిపోయింది. ఆఖరి గంటలో పక్కనున్నది వడ్ల తాత. ఆంధ్రా పిలగాడు వచ్చిండా అని అడిగిందట. ఊళ్ళో లేడు, పిలిపించమంటావా అన్నాడట ఈయన.

"ఎందుకు తియ్యి" అందట. "మొన్ననే వచ్చి ఏడ్చిపోయిండు గద."