వాడిచూద్దాంగారు కెమెరా కొన్న వైనం

వస్తువు ఏదైనా సరే, షాపులోనే దాన్ని తనివితీరా వాడేసి, ఆ తర్వాతే కొనాలా వద్దా అని ఆలోచించే మనిషి ఆయన. వృత్తికి లిఫ్టు మెకానిక్. బాగుచేసిన లిఫ్టులో ముందు తను ఎక్కి దిగి, మధ్యలో కావాలని ఆపి, గోడకి చెవి ఆనించి చప్పుడు వింటేగానీ ఇంకొకర్ని కాలు పెట్టనిచ్చేవాడు కాదు. ఆ పద్ధతి లిఫ్టులకి మంచిదే. దాన్ని దువ్వెనల దాకా లాక్కురావడమే చిక్కు. "వాడి చూడందే ఎలా చెప్తాం?" అన్నది ఆయన ఊతపదం. అందుకని పేటలో అందరూ ఆయన్ని వాడిచూద్దాంగారు అనేవాళ్ళు. మొహం మీద కాదులెండి, వీపు వెనక.

ఒకసారి పరుపు కొనడానికి వెళ్ళి, షాపులో పడుకుని, నిజంగానే నిద్రపోయాడు. గురక కూడా పెట్టాడు. భోజనానికి షాపు మూసుకోవాలని ఓనరు భుజం తట్టి లేపితే, "ఎడమ పక్క అయింది. కుడి పక్కకి ఇంకా తిరగలేదు" అని కళ్ళు తెరవకుండానే జవాబు చెప్పాడు. ఇంకోసారి సూట్‌కేసు కోసం వెళ్ళి, వెంట వచ్చిన బావమరిదిని దాని మీద నిలబెట్టాడు.

"ఇది నిలబడ్డానికి కాదండీ, బట్టలు పెట్టుకోడానికి," అన్నాడు షాపతను.

"రైల్లో సీటు దొరక్కపోతే?"

"దొరక్కపోతే కూర్చుంటారు గానీ, ఎక్కి నిలబడరు కదండీ!"

"అదీ నిజమే. కూర్చోరా," అన్నాడు బావమరిదితో.

ఆ బావమరిదికి వీధి మలుపులో కళ్ళజోళ్ళ షాపు ఉంది. పరువుగా బతుకుతున్న మనిషి. అక్క మొగుడితో ఏ షాపుకి వెళ్ళినా ఆ పరువు కాస్తా అక్కడే వదిలేసి రావాల్సి వచ్చేది. అందుకే ఒక పొద్దున బావ తన షాపు మెట్లెక్కుతుంటే అతను బల్ల కిందికి వంగి ఏదో వెతుకుతున్నట్టు నటించాడు.

"పదరా, కెమెరా కొనాలి."

"కెమెరానా? నువ్వు ఫోనుతో ఫోటో తీస్తేనే అన్నింట్లోనూ నీ బొటనవేలు పడుతుంది కదా బావా!"

"అందుకే దూరంగా ఉన్నవి తీసే కెమెరా కావాలి. అంత దూరం నా వేలు వెళ్ళదు."

"నన్నెందుకు మధ్యలో?"

"నీకు అద్దాలు తెలుసు కదా."

"నావి కళ్ళజోడు అద్దాలు బావా!"

"అదీ కంటికే, ఇదీ కంటికే. షాపు మూసెయ్."

కెమెరాల షాపులో అమ్మే అమ్మాయి ఓపికమంతురాలు. ఇద్దర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి, పొడుగు జూమ్ ఉన్న కెమెరాలు వరసగా బల్ల మీద పెట్టింది. వాడిచూద్దాంగారు మొదటిదాన్ని ఎత్తి, ఎదురు మేడ మీద నీళ్ళ ట్యాంకు వైపు తిప్పాడు. లెన్స్ బుర్రుమని ముందుకు సాగింది.

"అబ్బో, ట్యాంకు మీద తుప్పు కూడా కనపడుతోంది! కానీ ఊగుతోందేంటమ్మా? భూకంపమా?"

"ట్యాంకు కాదంకుల్, మీ చెయ్యి. అంత దూరం లాగినప్పుడు చెయ్యి కాస్త కదిలినా బొమ్మ ఎగిరిపోతుంది. మోచేతులు ఒంటికి ఆనించుకోండి. లేదా స్టాండు మీద పెట్టుకోండి."

"ఇంకా లాగొచ్చా?"

"లెన్స్ లాగేది ఇక్కడిదాకానే. ఆ పైన కెమెరా తనే ఊహించి పెద్దది చేసి చూపిస్తుంది."

"ఊహలు నాకొద్దు. లెన్స్‌ ఎంత లాగితే అంతే చాలు."

బావమరిదికి కాస్త ధైర్యం వచ్చింది. బావ ఈసారి బుద్ధిగానే ఉన్నాడనుకున్నాడు. ఆ ధైర్యం ఎంతోసేపు నిలవలేదు. వాడిచూద్దాంగారు కుడి చెయ్యి తీసి పాంటు జేబులో పెట్టేసుకున్నాడు. ఎడమ చేత్తో కెమెరా పట్టుకుని, దాన్ని తలకిందులు చేసి, ఫోటో తీసే మీట కోసం వేలితో వెతకడం మొదలెట్టాడు.

"కుడి చేతికేమైంది బావా?"

"జేబులో ఉంది."

"అది తెలుస్తోంది. బయటికి తియ్యొచ్చు కదా!"

"తీస్తే పరీక్ష పాడవుతుంది. అమ్మాయ్, ఎడమచేతి వాటం వాళ్ళకి వేరే కెమెరా ఉంటుందా?"

"ఉండదంకుల్. మీట అన్నిటికీ కుడివైపే."

"అన్యాయం కదూ!" అంటూ రెండో కెమెరా అందుకున్నాడు, మళ్ళీ ఎడమ చేత్తోనే. అది చేతిలోంచి జారింది. బావమరిది కింద పడకుండా ఒడిలో పట్టుకున్నాడు. షాపు ఓనరు లోపలి గదిలోంచి తొంగిచూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు కొనలేదు. మర్నాడూ కొనలేదు. ఎండలో తెర కనపడుతుందో లేదో చూడాలని కెమెరాని గుమ్మం బయటికి తీసుకెళ్ళాడు, దొంగతనం చెయ్యడని హామీగా బావమరిదిని లోపల కూర్చోబెట్టి. మబ్బు పట్టినప్పుడు ఇంకోసారి వెళ్ళాడు. కిటికీ దగ్గర కుర్చీలో చేరగిలబడి, లేవకుండా ఎంత మేర చూడొచ్చో చూశాడు. బావమరిది అక్కకి ఫోను చేసి మొరపెట్టుకున్నాడు.

"అక్కా, బావకి ఏదో అయింది. కుడి చెయ్యి జేబులోంచి తియ్యడం లేదు."

"ఇంట్లోనూ అంతేరా. నిన్న ఒంటిచేత్తో చొక్కా గుండీలు పెట్టుకోబోయి అరగంట తంటాలు పడ్డారు. అడిగితే నవ్వుతారు. నువ్వు వెంటే ఉండు."

చివరికి ఆ అమ్మాయే దారి చూపించింది. లెన్స్‌కి ఎడమ పక్కన కూడా చిన్న జూమ్ మీట ఉన్న కెమెరా ఒకటి వెతికి తెచ్చి, స్టాండుకి బిగించి, తెరని పక్కకి తిప్పింది. తెర మీద వేలితో తడితే చాలు, ఫోటో పడుతుంది. వాడిచూద్దాంగారు ఎడమ చేత్తోనే జూమ్ లాగాడు, ఎడమ చేత్తోనే తెర తట్టాడు. వీధి చివర తీగ మీద వాలిన పిచ్చుక, ముక్కున పుల్లతో సహా తెర మీద నిలిచింది. కుడి చెయ్యి జేబులోంచి బయటికొచ్చి అమ్మాయికి దణ్ణం పెట్టింది.

"ఇదే. కట్టెయ్యమ్మా."

బయటికొచ్చాక బావమరిది ఇంటివైపు తిరిగాడు. బావ రేవువైపు తిరిగాడు.

"ఎక్కడికి బావా?"

"రా, చెప్తా."

రేవుకి ఎదురుగా ఉన్న అపార్టుమెంటులో లిఫ్టు చూసేది వాడిచూద్దాంగారే. పైఅంతస్తులో ఆయన స్నేహితుడు ఒకాయన ఉండేవాడు. జీవితమంతా రేవులో పెద్ద క్రేను నడిపి, ఆకాశంలో కూర్చుని ఓడల్ని పైనుంచి చూసిన మనిషి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అప్పట్నించీ బాల్కనీ తలుపు మూసేసి, పరామర్శకి వచ్చినవాళ్ళనల్లా కసిరి పంపించేసేవాడు. బంధువులు తెచ్చిన చక్రాల కుర్చీ కట్టిన కాగితం కూడా విప్పకుండా తిప్పి పంపేశాడట. ఇదంతా లిఫ్టులో పైకి వెళుతూ బావ చెప్తుంటే, బావమరిది చేతిలో ఉన్న పెట్టె వైపు, బావ కుడి చేతి వైపు మార్చిమార్చి చూశాడు.

"ఇది ఆయనకా?"

"అలా అన్నావంటే మనిద్దర్నీ మెట్ల మీదుగా దొర్లిస్తాడు. నోరు మూసుకుని నిలబడు."

క్రేనాయన కెమెరా పెట్టెని చూడగానే మొహం గంటు పెట్టుకున్నాడు.

"నామీద జాలిపడి తెచ్చావా? పట్టుకుపో."

"నీకెవడు తెచ్చాడయ్యా? నాకే కొనుక్కున్నా. ఎలా పనిచేస్తుందో నమ్మకం కుదరడం లేదు. కాస్త వాడి చూసి చెప్పు."

"నువ్వే చూసుకో. ఊళ్ళో వస్తువులన్నీ నువ్వేగా చూసేది."

"మా కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఇంకేం కనపడదు. ఆ గోడ పగుళ్ళు ఎంతకని తియ్యను?"

క్రేనాయన పెట్టె వైపు కొరకొరా చూశాడు. బావమరిది నెమ్మదిగా మెట్లు ఎటున్నాయో చూసుకున్నాడు.

"కుడి చేత్తో తియ్యాలి కదా ఈ దిక్కుమాలినవన్నీ," అన్నాడు చివరికి.

"ఏ చేత్తో అయినా తియ్యొచ్చనుకుంటా. నాకంత తెలీదు. నీ ఇష్టం."

అంత పచ్చి అబద్ధం అంత తాపీగా చెప్పడం బావమరిది అంతవరకూ వినలేదు. క్రేనాయన భార్య వెళ్ళి బాల్కనీ తలుపు తీసింది. ఉప్పుగాలి లోపలికొచ్చింది.

కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం ఇద్దరూ మళ్ళీ వెళ్ళారు.

"రండన్నయ్యా," అంది ఆవిడ. "మీ కెమెరా వచ్చిన దగ్గర్నించీ మనిషి లోపలికి రావడం లేదు. అన్నం కూడా అక్కడే. కాస్త మందలించండి." మందలించమనేటప్పుడు మాత్రం ఆవిడ మొహం వెలిగిపోతోంది.

క్రేనాయన తల తిప్పకుండానే అన్నాడు: "నీ కెమెరాలో లోపాలున్నాయయ్యా. చీకటిపడితే బొమ్మ మీద ఇసక చల్లినట్టుంటోంది. మధ్యాహ్నానికే బ్యాటరీ నీరసపడుతోంది."

"అయితే తిరిగిచ్చెయ్యనా?"

"తొందరేముంది? వానల్లో ఎలా ఉంటుందో చూడొద్దూ?"

"చూడాలి."

"ఆ తర్వాత చలికాలం పొగమంచు."

"అదీ చూడాలి."

బావమరిది ఇద్దరి మొహాలూ చూశాడు. ఇద్దరిలో ఎవరూ నవ్వడం లేదు. నవ్వాపుకోలేక అతనే రేవువైపు తిరిగాడు.

"నా క్రేను ఇప్పుడు కొత్తతను నడుపుతున్నాడు," అన్నాడు క్రేనాయన. "మొన్న మధ్యాహ్నం క్యాబిన్‌లో కునుకు తీస్తుంటే పట్టుకున్నా."

"ఇక్కణ్ణించా!"

"క్యాబిన్ ఫోనుకి చేసి లేపాను. 'ఎడమ పక్కకి తల వాల్చకు, మెడ పడుతుంది' అని చెప్పా. పాపం హడలిపోయాడు. ఇప్పుడు పని దిగేముందు రోజూ ఇటు తిరిగి చెయ్యి ఊపుతాడు. ఉండు, వేళయింది."

ఎడమ చేత్తో జూమ్ లాగాడు. తెర మీద క్యాబిన్ కిటికీ పెద్దదయింది. పచ్చ టోపీ పెట్టుకున్న మనిషి లేచి, ఒళ్ళు విరుచుకుని, ఇటు తిరిగి చెయ్యి ఊపాడు.

"మనం ఊపితే అతనికి కనపడతామా?" అని అడిగాడు బావమరిది.

"చీమల్లా కూడా కనపడం," అంటూనే క్రేనాయన ఎడమ చెయ్యి ఎత్తాడు. వాడిచూద్దాంగారు అప్పటికే కటకటాల దగ్గరికెళ్ళి రెండు చేతులూ ఊపేస్తున్నాడు. చేసేదిలేక బావమరిది కూడా ఊపాడు.

కింద రోడ్డు మీద పోతున్న ఒకావిడ తలెత్తి చూసి, వీళ్ళెవరో తెలిసినవాళ్ళే అనుకుని, సంచీ రెండో చేతిలోకి మార్చుకుని, తనూ చెయ్యి ఊపింది.