ఫ్లోజిస్టాన్ తరఫు ప్లీడరమ్మ

మొగల్తూరు రైతుల ఇంటి పిల్ల రామతులసి బీఎస్సీ దాకా కెమిస్ట్రీని బట్టీ పట్టే నెగ్గుకొచ్చింది. 1998లో రాజమండ్రిలో బీఎడ్‌లో చేరింది. అక్కడ కెమిస్ట్రీ ఎలా చెప్పాలో నేర్పేది కామేశం మాస్టారు.

"వస్తువు కాలితే అందులోంచి ఫ్లోజిస్టాన్ అనే పదార్థం బయటికి పోతుందని రెండొందల యాభై ఏళ్ల కిందట పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే నమ్మారు. రేపు క్లాసులో కోర్టు పెడదాం. రామతులసీ, నువ్వు వాళ్ల తరఫు ప్లీడరువి," అన్నారాయన.

"తప్పని తెలిసీ ఎలా వాదించనండీ?"

"వాళ్లకి తెలీదు కదమ్మా. అలాగే వాదించు."

మర్నాడు ఆమె బుట్టెడు కొబ్బరి పీచు తెచ్చి వరండాలో అంటించింది. గుప్పెడు బూడిద మిగిలింది.

"బుట్టెడు పీచండి, గుప్పెడు బూడిదండి. మిగతాది ఏమైందండీ? ఆ పోయిందే ఫ్లోజిస్టానండి!"

ఆక్సిజన్ తరఫు ఉదయ్‌భాస్కర్ లేచి, "పుస్తకంలో అలా లేదండి," అన్నాడు.

"ఆ పుస్తకం ఇంకా రాయలేదు కదండీ!"

బల్లలు దద్దరిల్లాయి. గోల విని వచ్చిన ప్రిన్సిపాల్ గారు కూడా ఉండి ఓటేశారు. ఫ్లోజిస్టాన్ బ్రహ్మాండంగా గెలిచింది.

అప్పుడు మాస్టారు కంసాలి త్రాసు తీశారు. గిన్నెలు తోమే ఇనప పీచు రెండు పళ్లేల్లోనూ సమంగా ఉంచి, ఒకవైపు అంటించారు. పీచు మిణుగురుల్లా మెరిసి నల్లబడింది. ఆ పళ్లెమే మెల్లగా కిందికి దిగింది.

"ఏదో పోయిందన్నావు. మరి బరువెలా పెరిగిందమ్మా?"

రామతులసి తగ్గలేదు. "ఫ్లోజిస్టాన్ బరువు మైనస్ అండి!"

ప్రిన్సిపాల్ గారు నవ్వలేక కూలబడ్డారు. మాస్టారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ, "అప్పట్లో కొందరు అచ్చంగా ఇదే అన్నారమ్మా!" అన్నారు.

నవ్వుతూనే ఆమె ఆ పళ్లెం వైపు చూసింది. ఇనుము గాలిలోంచి ఏదో తీసుకుంది! ఎన్ని పరీక్షల్లో రాసిందో ఆ మాట; నమ్మడం మాత్రం ఇదే మొదలు. కాళ్లు నేల మీద నిలవలేదు. సాయంత్రం గోదావరి గట్టు మీద మొక్కజొన్న కంకులు కాల్చే లోవమ్మకీ చెప్పింది, బొగ్గు గాలిని తింటోందని.

"తిననీ తల్లీ. నీకు కంకి కావాలా, వద్దా?" అంది లోవమ్మ.

రెండు నెలలకి టీచింగ్ ప్రాక్టీసు. ఎనిమిదో తరగతిలో హారతి అనే పిల్ల లేచి, "కాలితే ఏదైనా తేలికవుద్ది కదండీ?" అంది.

మునుపైతే రామతులసి తప్పని కూర్చోబెట్టేది. ఇప్పుడు ముఖం వెలిగిపోయింది.

"భలే అడిగావే! నీకలా ఎందుకనిపించింది? కాదనేవాళ్లెవరు?"

క్లాసు రెండుగా చీలింది. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. మార్కులు వెయ్యడానికి వెనక బెంచీలో కూర్చున్న కామేశం మాస్టారు కూడా చెయ్యెత్తి, తన వంతు కోసం చూస్తున్నారు.